డారోబీ డాక్టరు, ఆళ్లగడ్డ డాక్టరు

పుస్తకం తెరవగానే డాక్టరు చొక్కా విప్పేసి, కొట్టంలో రాతి నేల మీద బోర్లా పడుకొని ఉంటాడు. ఒక చెయ్యి భుజం దాకా ఆవు లోపల ఉంటుంది. చలికి ఒళ్లు కొంకర్లు పోతోంది. లోపల దూడ తల వెనక్కి తిరిగి ఇరుక్కుంది. పక్కనే రైతుకు మామ వరసయ్యే ముసలాయన నిలబడి, తనకు తెలిసిన ఇంకో డాక్టరు ఎంత ఘనుడో వర్ణిస్తుంటాడు. రెండు గంటలు పెనుగులాడాక సన్నని తాడు దూడ దవడకు పడుతుంది, తల దారికొస్తుంది, దూడ ప్రాణంతో నేలమీద పడుతుంది. ఏమైనా తాగడానికి ఇద్దామా అని రైతు అంటే డాక్టరు తనకే అనుకొని సంబరపడతాడు. రైతు అడిగింది ఆవు గురించి.

ఇంగ్లండులో జేమ్స్ హెరియట్ రాసిన మొదటి పుస్తకం ఇలా మొదలవుతుంది. హెరియట్ కలం పేరు, అసలు పేరు ఆల్ఫ్ వైట్. 1916లో పుట్టి, గ్లాస్గోలో పశువైద్యం చదివి, 1940లో యార్క్‌షైర్‌లోని థర్స్క్ అనే చిన్న సంత ఊళ్లో డొనాల్డ్ సింక్లెయిర్ అనే డాక్టరు దగ్గర చేరాడు. పుస్తకాల్లో ఆ ఊరు డారోబీ అయింది, సింక్లెయిర్ సీగ్‌ఫ్రీడ్ అయ్యాడు. యాభై ఏళ్ల ప్రాంతంలో రాయడం మొదలుపెట్టాడు. 1970లో తొలి పుస్తకం వచ్చింది. 1972లో మొదటి రెండు పుస్తకాలను కలిపి అమెరికాలో 'ఆల్ క్రీచర్స్ గ్రేట్ అండ్ స్మాల్' పేరుతో వేశారు. ఇక ఆగలేదు. 1978లో బీబీసీ సీరియల్, 2020లో మళ్లీ కొత్త సీరియల్. ఆయన పనిచేసిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

అదే చెయ్యి మన నంద్యాల జిల్లా ఆళ్లగడ్డలోనూ లోపలికి పోతుంది. పొద్దున ఆసుపత్రి ఆవరణలో ఎనుమును ఇనుప గొట్టాల చట్రంలోకి తోలి, వెనక అడ్డగడ వేస్తారు. సిబ్బంది దాన్ని ట్రెవిస్ అంటారు, రైతులు బోను అంటారు. ఒకరు తోక పక్కకు పట్టుకుంటారు. డాక్టరు భుజం దాకా ప్లాస్టిక్ గ్లౌజు తొడిగి, సబ్బు నీళ్లు రాసుకొని, ముందు పేడ తీసేసి, తర్వాత గర్భసంచిని తడిమి చూస్తాడు. ఆ సమయంలో ఆయన కళ్లు గోడ మీదో వేపచెట్టు మీదో ఉంటాయి. చూపంతా వేళ్లలోకి దిగిపోయి ఉంటుంది. గర్భసంచి కొమ్ములు రెండూ ఒక్క తీరుగా ఉన్నాయా, ఒకటి లావెక్కిందా, లోపల నీరు ఆడుతోందా? "మూడు నెల్లు నిండినాయి పెద్దాయనా, నీళ్లు బాగా పెట్టు" అంటాడు. లేదంటే, "కట్టల్యా. మళ్లా ఎదకొస్తాది, కనిపెట్టుకోనుండు." నిమిషంలో పని అయిపోతుంది. గ్లౌజు తీసి పారేసి, రిజిస్టరులో ఒక గీత రాసి, తర్వాతి ఎనుమును తోలమంటాడు.

చెయ్యి ఒకటే, విద్య ఒకటే. అక్కడ పుస్తకం పుడితే ఇక్కడ రిజిస్టరులో ఒక గీత పడుతుంది. ఈ తేడాకు చాలామంది చెప్పే కారణం, మన డాక్టర్లకు రాసే అలవాటు లేదని. నాకది పైపై మాటగా తోస్తుంది. రాసే అలవాటు హెరియట్‌కూ యాభై ఏళ్ల దాకా లేదు. అసలు తేడా ఆ పని నడిచే పద్ధతిలో ఉంది. ఎవరు ఎవరి దగ్గరికి పోతారు, ఎవరు ఎవరికి డబ్బివ్వాలి, ఎన్నాళ్లు ఒకచోట ఉంటారు అన్నవి మొదట చూడాలి. సాహిత్య గుణం గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

హెరియట్ ప్రైవేటు డాక్టరు. టెలిఫోను మోగితే కారేసుకొని కొండల్లో రైతు ఇంటికి పోతాడు. అందుకే ఆయన కథల్లో పశువు ఎంత ఉంటుందో ఆ ఇల్లూ అంత ఉంటుంది. పొయ్యి దగ్గర కూచున్న ముసలమ్మ, ఫీజు ఎగ్గొట్టే పెద్దమనిషి, నోరు మెదపని కొడుకు, కొట్టంలో వెలుతురు చాలక పట్టుకున్న లాంతరు. పశువు జబ్బు అన్నది ఇంట్లోకి పోవడానికి ఆయనకు దొరికిన టిక్కెట్టు. జబ్బు నయమయ్యేలోగా ఆ ఇంటి గుట్టంతా మనకు తెలిసిపోతుంది. బిల్లు కూడా కథే. ఎవరు సంతోషంగా ఇస్తారు, ఎవరు బేరమాడతారు, ఎవరు ఏడాది తిప్పుతారు అన్నదాంట్లోనే సగం హాస్యం పుడుతుంది.

మన దగ్గర పశువే ఆసుపత్రికి నడుస్తుంది. నడవలేనిది ఆటోలో, ట్రాక్టరులో వస్తుంది. ఆసుపత్రి సర్కారుది. ఇల్లు ఊళ్లోనే ఉండిపోతుంది, డాక్టరు చూసేది పశువునూ దాని తాడు పట్టుకున్న మనిషినీ మాత్రమే. "పొద్దున్నించి మేత ముట్టల్యా సార్, నెమరు గూడ ఏయల్యా" అన్న రెండు ముక్కల్లో రోగ చరిత్ర ముగుస్తుంది. ఆ మనిషి ఎనుము కోసం ఎవరి దగ్గర వడ్డీకి తెచ్చాడో, పాల డబ్బులతో ఏ పిల్ల చదువు నడుస్తోందో చెప్పుకొనే తీరిక ఆ వరసలో ఉండదు. వెనక ఇంకో ఎనిమిది పశువులు నిలబడి ఉంటాయి. 1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ 5,000 పశు యూనిట్లకు ఒక పశువైద్య సంస్థ ఉండాలని చెప్పింది. ఆ లెక్క తీరినా తీరకపోయినా, ఆ లెక్కలోనే మన డాక్టరు పని తీరు కనబడుతుంది. ఆయనకు పశువు యూనిట్‌గా పరిచయం అవుతుంది.

ఇంకోటి బదిలీ. హెరియట్ థర్స్క్‌లో అడుగుపెట్టినవాడు, యుద్ధంలో వాయుసేనకు పోయిన కొంతకాలం తప్ప, 1995లో చనిపోయేదాకా ఆ చుట్టుపక్కలే ఉన్నాడు. కుర్రవాడిగా పురుడు పోసిన ఆవు మనవరాలికి నడివయసులో పురుడు పోసి ఉంటాడు. ఒకే కొట్టానికి మళ్లీ మళ్లీ పోతేనే కథకు వెనకా ముందూ ఏర్పడతాయి. మన డాక్టరు కొన్నేళ్లు ఆళ్లగడ్డలో, కొన్నేళ్లు కోయిలకుంట్లలో, పదోన్నతి వస్తే నంద్యాలలో. ఊరి మాట ఒంటబట్టే వేళకు ఆర్డరు వస్తుంది. ఈ ఊళ్లలో ఆసుపత్రి జ్ఞాపకం డాక్టరు దగ్గర ఉండదు, అటెండరు దగ్గర ఉంటుంది. ఏ రైతు ఎనుము తంతుందో, ఏ ఇంటి ఆవుకు ప్రతి ఈతలోనూ మాయ పడదో, ఏ కాపరి మందు తీసుకుపోయి వేయకుండా పెట్టుకుంటాడో కొత్త డాక్టరుకు చెప్పేది ఆయనే. హెరియట్‌లో ఉన్న రెండు సగాలు, చేసే చెయ్యీ గుర్తుపెట్టుకొనే మనసూ, మన దగ్గర ఇద్దరు మనుషులుగా విడిపోయాయి. చేసేవాడు మారిపోతుంటాడు. గుర్తుంచుకొనేవాడు తెర వెనక ఉంటాడు.

తెలుగు సాహిత్యంలో పశువు లేదా అంటే, కావలసినంత ఉంది. డాక్టరే లేడు. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'లో తప్పిపోయిన చూలు పంది కోసం ముసలివాడు రాత్రంతా అడవిలో వెతుకుతాడు. యజమాని, కాపలాదారు, మంత్రసాని అన్నీ అతనే. 'మునెమ్మ'లో గిత్తే ముఖ్యపాత్ర. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' మనకు మరీ దగ్గరిది. కరువులో గొర్రెల మందలను నల్లమలకు తోలుకుపోయే కాపరుల కథ అది. 2019లో తానా బహుమతి, 2021లో సినిమా. ఆళ్లగడ్డకు తూర్పున కనబడే కొండలు ఆ నల్లమలవే. ఆ అడవిలో మందకు జబ్బు చేస్తే కాపరి మూటలో ఏముందో అదే మందు. కేశవరెడ్డి స్వయంగా డాక్టరు, మనుషులకు, కుష్ఠు వైద్యానికి జీవితం ఇచ్చినవాడు. అయినా ఆయన పశువుల కథల్లోకి వైద్యుణ్ని పిలవలేదు. పిలిస్తే ఆ కథలు నిలబడవు కూడా. మనిషి ఒంటరిగా పశువు కోసం పెనుగులాడటమే వాటి బలం. మధ్యలో సూది పట్టుకొని ఒక ఉద్యోగి వస్తే ఆ బిగువు సడలిపోతుంది.

ఒకే సన్నివేశం రెండుచోట్లా ఎలా నడిచిందో చూస్తే ఈ తేడా ఇంకా తెలుస్తుంది. హెరియట్ కథల్లో బ్లాసమ్ అనే ముసలి ఆవు ఉంది. పొదుగు జారిపోయింది, పాలు తగ్గాయి. యజమాని మనసు చంపుకొని అమ్మేస్తాడు. మందలో తోలుకుపోతుంటే అది దారి తప్పించుకొని వచ్చి, ఎన్నో ఏళ్లుగా తను నిలబడే గాట్లోకే పోయి నిలబడుతుంది. రైతు ఇక అమ్మడు, దూడలకు పాలు తాపే పని పెట్టి ఉంచుకుంటాడు. డాక్టరు పక్కన నిలబడి చూసినవాడు, మనకు చెప్పినవాడు. 'మునెమ్మ'లోనూ అమ్మడానికి తోలుకుపోయిన గిత్త ఒంటరిగా ఇంటికి తిరిగి వస్తుంది. తోలుకుపోయిన మొగుడు రాడు. అక్కడ పశువు తిరిగి రావడం కథకు ముగింపు, గుండెకు ఊరట. ఇక్కడ అదే కథకు మొదలు, హత్యకు సాక్ష్యం. యార్క్‌షైర్ రైతు కూడా పేదవాడే, ఒక ఆవు పోతే కుంగేవాడే. కానీ హెరియట్ చెప్పే లోకంలో పశువు సంతకు పోయే దారిలో మనిషిని చంపేవాడు కాచుకొని ఉండడు. డాక్టరు కథకుడు కావాలంటే ఆ మాత్రం నెమ్మది ఉన్న లోకం కావాలి. హెరియట్‌ను చదివి 'ఎంత హాయిగా ఉంది' అనుకొనేవాళ్లు ఆ హాయికి అడుగున ఏముందో కొంచెం తడిమి చూడాలి. ఆయన తన కథలను 1930ల చివరిలో జరిగినట్టు రాశాడు. థర్స్క్‌కు వచ్చిందే 1940లో. చాలా సంఘటనలు యుద్ధం తర్వాతి దశాబ్దాలవని ఆయన కొడుకు జిమ్ వైట్ రాసిన జీవిత చరిత్రలో ఉంది. అంటే ఆ నెమ్మది కొంతవరకు కట్టుకున్నది. తప్పని నేననను. కథకుడి హక్కు అది.

నంద్యాలనూ ఆళ్లగడ్డనూ ఒక గాటన కట్టేస్తే అన్యాయం. రెండింటికీ మధ్య దాదాపు 40 కిలోమీటర్ల దూరం. కర్నూలు నుంచి కడపకు పోయే రోడ్డు మీద నంద్యాల దాటి, శిరివెళ్ల దాటితే ఆళ్లగడ్డ. రెంటికీ తూర్పున నల్లమల, రెంటికీ కె.సి. (కర్నూలు-కడప) కాలువ నీళ్లు. కానీ ఆసుపత్రి ముందు నిలబడే వరస వేరు. నంద్యాల 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రం. విజయ డైరీ, 1906 నుంచి నడుస్తున్న వ్యవసాయ పరిశోధనా కేంద్రం, కాలేజీలు, కొత్త కాలనీలు. పాడి ఎనుములు ఇక్కడా వస్తాయి. వాటితోపాటు కుక్కలు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీలు కాసే ఈ ఊళ్లో మంచు దేశపు బొచ్చు కుక్కను పెంచుకోవడం ఏమి మోజో నాకు అర్థం కాదు. కానీ పెంచుకుంటున్నారు. దానికి ఎండదెబ్బ తగిలితే తడిగుడ్డ చుట్టి చంకనేసుకొని వస్తారు. పార్వో వైరస్ పట్టిన కూనను ఒళ్లో పెట్టుకొని సెలైను ఎక్కినంతసేపూ కూచుంటారు.

ఈ కుక్కల యజమానుల దగ్గరే నంద్యాల డాక్టరుకు హెరియట్ లోకం తగులుతుంది. హెరియట్ కథల్లో మిసెస్ పంఫ్రీ అనే ధనవంతురాలు ట్రికీ వూ అనే పొట్టి కుక్కకు కేకులు పెట్టి పెట్టి ప్రాణం మీదికి తెస్తుంది. డాక్టరు దాన్ని తన దగ్గర ఉంచుకొని, తిండి మాన్పించి, మిగతా కుక్కలతో ఆడనిచ్చి బాగు చేస్తాడు. అది కోలుకుంటోందని ఆమె పంపే గుడ్లు, వైను, బ్రాందీ డాక్టర్లే కానిచ్చేస్తారు. నంద్యాలలో కేకు బదులు గ్లూకోజ్ బిస్కెట్లు, పెరుగన్నం, నేతి ఇడ్లీ. యజమాని చెప్పే చరిత్ర కూడా అంతే పొడవు. నిన్న రాత్రి ఏం తిన్నది, ఎవరిని చూసి మొరగలేదు, ఏ మూల పడుకుంది అన్నీ వస్తాయి. పేరుంటుంది, పుట్టినరోజు ఉంటుంది, ఫోనులో ఫొటోలుంటాయి. పశువు పాత్రగా మారడానికి కావలసిన సరంజామా అంతా సిద్ధం.

ఆళ్లగడ్డ వరసలో కాపరి మాట్లాడేది అంకెల్లో. "ముప్పై కుంటుతున్నాయి సార్, నాలుగు పడినాయి." 2019 పశుగణనలో ఆంధ్రప్రదేశ్ గొర్రెలు 1 కోటీ 76 లక్షలు, దేశంలో తెలంగాణ తర్వాత రెండో స్థానం. ఆ లెక్కలోని మనుషులు ఈ ఊళ్ల చుట్టూ ఉన్నారు. గొర్రెకు పేరుండదు. మందకు ఉంటుంది, అది కాపరి పేరే. డాక్టరు చూడవలసింది చచ్చిన గొర్రెను. పొట్ట కోసి పేగు రంగు చూసి, చిటుక రోగమా, పారుడా, నట్టలా తేల్చితే మిగతా మంద బతుకుతుంది. ఒక్క శవం నూటికి జవాబు చెబుతుంది. హెరియట్ తరహా కథనానికి ఇది బొత్తిగా లొంగదు. ఒక్క ప్రాణి, ఒక్క రాత్రి, ఒక్క గెలుపు అన్నది ఆయన సూత్రం. మందలో గెలుపు అంటే చావని వాటి లెక్క. చావనిదాని గురించి కథ ఎలా చెబుతాం? ఎడ్లు మాత్రం ఆళ్లగడ్డలో దీనికి మినహాయింపు. బండలాగుడుకు పెంచే ఒంగోలు గిత్తల జతకు పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు అని విభాగాలుంటాయి. యజమాని దాని వంశం నాలుగు తరాలు చెబుతాడు. ఆ గిత్త కాలు బెణికితే ఆసుపత్రి ముందు జనం గుమిగూడతారు. మనిషికి పరువు తెచ్చే పశువుకు పేరు దక్కుతుంది, పాలిచ్చేదానికీ మాంసానికి పోయేదానికీ దక్కదు.

గాలికుంటు తీసుకుంటే పోలిక ఇంకో మలుపు తిరుగుతుంది. నోట్లో, గిట్టల మధ్య పుండ్లు, చొంగ, జ్వరం, పాలు ఎండిపోవడం. జబ్బు రెండుచోట్లా ఒకటే. బ్రిటన్‌లో దీనికి చాలాకాలం ఒకటే విధానం: రోగం కనబడిన ఫారంలో పశువులన్నిటినీ చంపెయ్యడం. 1967-68లో 4 లక్షలకు పైగా చంపారు. 2001లో 60 లక్షలకు పైగా. ఆ ఏడు వేసవిలో థర్స్క్ చుట్టుపక్కల కూడా రోగం పాకింది. హెరియట్ ఆరేళ్ల ముందే పోయాడు. ఆయన కొట్టాల్లోకి దూడను బయటికి లాగడానికి పోయిన డాక్టర్లే 2001లో ఆ కొట్టాలను ఖాళీ చేయించడానికి పోయారు. డారోబీ పుస్తకాల ఊరట అక్కడ పనిచేయదు. ఆ పుస్తకాల పొడవునా డాక్టరు ప్రాణం పోసేవాడు. రోగం దేశం లెక్కకు వచ్చేసరికి ఆ పాత్ర నిలబడలేదు.

మన దగ్గర ఆ దారి పట్టలేదు. పట్టడానికి వీలూ లేదు, ఎనుము చంపితే ఇల్లు కూలుతుంది. మనవాళ్లు పట్టింది ఐస్ పెట్టె. 2019 సెప్టెంబరులో కేంద్రం 13,343 కోట్ల రూపాయలతో గాలికుంటు, బ్రూసెల్లోసిస్‌ల మీద జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ఆరు నెలలకోసారి గాలికుంటు టీకా, చెవికి 12 అంకెల పోగు, 2030 నాటికి రోగం లేకుండా చెయ్యడం లక్ష్యం. టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. బయట నంద్యాల ఎండ. పొద్దు పొడవక ముందే పెట్టె పట్టుకొని ఊరికి పోతే, పశువులు మేతకు పోకముందు దొరికినవాటికి దొరికినట్టు సూది. కొన్నిటికి రెండు రోజులు పాలు తగ్గుతాయని దాచేసేవాళ్లుంటారు. చూడిది అని అబద్ధం చెప్పేవాళ్లుంటారు. డాక్టరు, సహాయకుడు దాదాపు బతిమాలుకుంటారు. హెరియట్ చేసిన పనికన్నా ఇది చిన్నదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇది పెద్దది. పైగా దీనికి పెద్ద సాక్ష్యం ఉంది. పల్లెల్లో పెద్దరోగం అన్న రిండర్‌పెస్ట్ ఊళ్లకు ఊళ్లు పశువులను ఊడ్చేసిన రోగం. ప్రపంచపు మొదటి పశువైద్య పాఠశాల 1761లో ఫ్రాన్సులోని లియోన్‌లో పుట్టడానికి అది కూడా కారణం. 2006లో ఇండియా దాన్నుంచి బయటపడిందని ప్రకటించారు. 2011లో ప్రపంచమే. మశూచి తర్వాత మనిషి భూమి మీద లేకుండా చేసిన రెండో రోగం అది. చేసినవాళ్లు ఐస్ పెట్టెలు మోసిన ఇలాంటి వేలమంది. వాళ్లలో ఒక్కరి పేరూ ఆళ్లగడ్డ బజారులో ఎవరూ చెప్పలేరు. జరగని చావు కనబడదు, అందుకే రాయరు. ఈ పనికి తగిన గద్యం ఏ భాషలోనూ ఇంకా తయారు కాలేదని నా అనుమానం.

2023 మార్చిలో మాత్రం ఈ జిల్లా పశువైద్యులు టీవీల్లో కనబడ్డారు. కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులి కూనలు దొరికాయి. తల్లి దగ్గరికి చేర్చాలని అటవీ శాఖ రోజులతరబడి ప్రయత్నించింది, కుదరక తిరుపతి జూకు పంపింది. కూనలకు ఏం తాపారు, ఎన్నిసార్లు తాపారు అన్నది రాష్ట్రమంతా ఆసక్తిగా విన్నది. హెరియట్ పద్ధతి ఇక్కడా పనిచేసింది: ముద్దొచ్చే ప్రాణి, కళ్లముందు ప్రమాదం, పాలసీసా పట్టుకున్న డాక్టరు. అదే వారం ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎన్ని దూడలకు పాలు తాపి ఉంటారో వార్తకు అక్కర్లేదు.

ఇంతా చెప్పి, హెరియట్ ఎక్కడ గెలుస్తాడో చెప్పకపోతే పక్షపాతం. రాత్రి. ఆయన కథల్లో సగం బలం అర్ధరాత్రి మోగే టెలిఫోనులోనే ఉంది. తిట్టుకుంటూ లేస్తాడు, పైజామా మీదే కోటు వేసుకుంటాడు, పోతాడు. వెళ్లకపోతే బతుకు గడవదు, నిజమే. కానీ వెళ్తాడు. మన ఎనుములు కూడా ఎక్కువగా రాత్రిపూటే ఈనుతాయి. దూడ అడ్డం తిరిగేదీ, మెయ్యి దిగేదీ ఆసుపత్రి తాళం పడ్డాకే. 2022 మే నెలలో 1962 నంబరు అంబులెన్సులు వచ్చాయి. మొదటి విడత 175, నియోజకవర్గానికి ఒకటి. ఆ లెక్కన నంద్యాలకు ఒకటి, ఆళ్లగడ్డకు ఒకటి. వెయ్యి కిలోలెత్తే హైడ్రాలిక్ లిఫ్టు, డాక్టరు, మందులు. డాక్టరు ఇంటి దగ్గరికి పోవడం మన సర్కారు వైద్యంలో ఒక పద్ధతిగా వచ్చింది. మంచి పనే. అయితే నియోజకవర్గం అంటే మండలాలకు మండలాలు.

నాము తగిలిన పశువు అంతసేపు ఆగదు. వాన ముఖం చాటేసిన ఏడు లేత జొన్న, కోసిన తర్వాత లేచిన పిలక జొన్న మేసినప్పుడు వచ్చే విషం అది, సైనైడు. నెత్తుట్లో ప్రాణవాయువు ఉన్నా ఒళ్లు దాన్ని వాడుకోలేదు. పశువు తూలుతుంది, నోరు తెరిచి రొప్పుతుంది, పడిపోతుంది. కొన్నిసార్లు మేసిన అరగంటలోనే ముగిసిపోతుంది. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కిస్తే పడిపోయిన పశువు లేచి నిలబడుతుంది. చూసినవాడు జన్మలో మరచిపోడు. హెరియట్‌కు ఇంతకన్నా కథ ఏం కావాలి! కానీ ఆ మందు చేతిలో ఉన్నవాడు చేను గట్టు మీద ఉండాలి. ఉండడు. అందుకే మన దగ్గర నాము కథలన్నీ చచ్చిన పశువుల కథలు.

మరి మన రాత్రులు ఎవరివి? ఊళ్లో మందుల షాపువాడివి, ఎవరి దగ్గరో కొన్నాళ్లు చేసి సూది వెయ్యడం నేర్చినవాడివి, కొన్నిచోట్ల పల్లెల్లో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రవి. అర్ధరాత్రి తలుపు తడితే లాంతరు బదులు సెల్‌ఫోను లైటు పట్టుకొని వచ్చి, చొక్కా విప్పి, కొట్టంలో పడుకొని చెయ్యి లోపలికి పెట్టేది వాడే. ఫీజు విషయంలో బేరమాడించుకొనేదీ, రైతు ఇంట్లో మంచినీళ్లు తాగేదీ, అదే కొట్టానికి ఇరవై ఏళ్లుగా పోతున్నదీ వాడే. బదిలీ లేనిదీ వాడికే. ఒక్కోసారి దూడను బతికిస్తాడు. ఒక్కోసారి గర్భసంచి చింపి ఎనుమును చంపుతాడు. ఏ మందు ఎంత వెయ్యాలో తెలియక వేసిన యాంటీబయాటిక్కు మర్నాడు పాలల్లో నంద్యాల టీ కొట్లకు చేరుతుంది. హెరియట్‌కు ఉన్న సరుకంతా, ఇల్లు, రాత్రి, బిల్లు, ఏళ్ల తరబడి జ్ఞాపకం, ఆళ్లగడ్డలో ఈ మనిషి దగ్గరే పోగుపడి ఉంది. లేనిది డిగ్రీ. 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం రిజిస్టరైన డాక్టరు తప్ప ఇంకొకరు పశువైద్యం చెయ్యకూడదు. శిక్షణ పొందిన సహాయకులు కూడా డాక్టరు అజమాయిషీలో చిన్న చిన్న సేవలే చెయ్యాలి. కాబట్టి ఆళ్లగడ్డ హెరియట్ తన కథలు రాయడానికి కూచుంటే, మొదటి పేజీలో ఆ చెయ్యి లోపలికి పోగానే అది నేరం ఒప్పుకోలు అవుతుంది. అతను రాయడు. డాక్టరు రాయడానికి ఆ రాత్రి అక్కడ లేడు.